బెల్టు లేని కుక్క

పండుకున్నది అన్నాడు ఎల్లప్ప. పండుకున్నది అంటే పడుకుంది, అంతే కదా, అందులో ఇంకో అర్థం వెతకాల్సిన పనేముంది, లాబ్రడార్ జాతి కుక్క రోజులో సగానికి పైగా పడుకునే ఉంటుందని దాన్ని కొన్నప్పుడు ఇచ్చిన కాగితంలోనే రాసి ఉంది కదా అని, వికారాబాద్ స్టేషన్‌లో రైలు కదులుతుండగా కిటికీ పక్కన కూర్చున్న మహిధర్ తనకు తానే చెప్పుకున్నాడు. ఒళ్లో టిఫిన్ సంచి ఉంది. జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పే మనిషి కాబట్టి రోజూ ఆ సంచిలో మూడు గిన్నెల క్యారియర్ ఉంటుంది. ఇవాళ అందులో కుక్క మెడకు కట్టే బెల్టు ఉంది. తోలు బెల్టు, గోధుమ రంగు, మధ్యలో ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద బ్రూనో అని ఇంగ్లీషు అక్షరాలు, కింద మహిధర్ ఫోన్ నంబరు. పప్పు వాసన కొడుతోంది. ఎన్ని సార్లు ఉతికినా ఆ సంచికి పప్పు వాసన పోదు, ఇప్పుడు పప్పూ తోలూ కలిసి ఇంకో వాసన వస్తోంది, పక్కనున్నాయన ముక్కు ఒకసారి ఎగబీల్చి మర్యాదగా అటు తిరిగాడు.

చేను చూసుకునే ఎల్లప్ప ఫోన్ చేశాడంటే బోరు మోటారు కాలిందనో, కందిచేన్లో అడవిపందులు పడ్డాయనో అర్థం. పొద్దున ఎనిమిదిన్నరకు ఫోన్ మోగినప్పుడు మహిధర్ నోట్లో బ్రష్షుతోనే మోటారు మెకానిక్ మొహం గుర్తు తెచ్చుకున్నాడు. మోటారు కాదు. "సారూ, ఊర్లకు కుక్కలు పట్టెటోళ్లు ఒచ్చిండ్రు. బెల్టున్నయి ఇడిచిపెడుతున్రు, లేనియిటికి సూదులు పొడుస్తున్రు. జర జల్ది రాండ్రి" అన్నాడు ఎల్లప్ప. మనదెక్కడుంది అని అడిగాడు మహిధర్. అవతల కొంచెంసేపు గాలి చప్పుడే వినిపించింది. "ఈడనే ఉన్నది సారూ. రేకుల షెడ్డు కాడ. పండుకున్నది." ఆ గాలి చప్పుడుంది చూశారూ, దాని గురించే ఇప్పుడు ఆలోచించకుండా ఉండాలి. చేను దగ్గర ఎప్పుడూ గాలే. కంది కోసేశాక మరీను, అడ్డమేమీ ఉండదు.

చేనున్న ఆ ఊళ్లో మొన్న పంచాయతీకి గెలిచినాయన రోడ్డు వేయిస్తాననీ, కుక్కల పీడ వదిలిస్తాననీ రెండు మాటలిచ్చాడట. రెంటిలో కుక్కలు తేలిక. వాటికి టెండరు అక్కర్లేదు. అలాగని ఊరివాళ్లు ఊరికే అడిగారా అంటే అదీ కాదు, పంచాయతీ పనులు చేసే మొగులప్ప మనవరాలిని దసరా ముందు ఒక కుక్క చెంప మీద కరిచింది, ఆ పిల్ల ఇప్పటికీ నవ్వితే మూతి ఒక పక్కకే పోతుందని ఎల్లప్ప ఎప్పుడో చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు మహిధర్ అయ్యో అన్నాడు. సాయంత్రానికి అపార్టుమెంటు గ్రూపులో "మూగజీవాలను ప్రేమిద్దాం" అని ఉదయించే సూర్యుడి బొమ్మతో ఒక సందేశం పంపాడు. సాయంత్రం పూట ఉదయించే సూర్యుడేంటని ఎవరూ అడగలేదు. పదకొండు మంది దణ్ణాలు పెట్టారు.

ప్లాట్‌ఫారం మీద ఉండగానే ప్రణవి ఫోన్ చేసింది. మహిధర్ ఒక్కగానొక్క బిడ్డ, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుతోంది, హాస్టల్ గేటు ముందు ఏడు వీధికుక్కలకు పేర్లు పెట్టి అన్నం పెడుతుంది, ఆ ఏడూ ఆమె ఫోన్లో ఉన్నాయి, తండ్రి ఫొటో ఉందో లేదో తెలియదు. "డాడీ, అట్ల చంపుడు నేరం, చట్టం ఉంది, నీకు పంపిన చూడు. సరే అది తర్వాత. బెల్ట్ ఉంటే ఏం చెయ్యరట. మన బ్రూనోకి బెల్ట్ ఉంది కదా?" అంది. ఉంది, అన్నాడు మహిధర్. అబద్ధం కాదు. బెల్టు ఉంది. సంచిలో ఉంది. "హమ్మయ్య" అంది ప్రణవి, ఆ హమ్మయ్యను రైలు కూత మింగేసింది, లేకపోతే ఇంకోసారి వినాల్సి వచ్చేది. "ఇంటికి తోలుకరా డాడీ దాన్ని. అసోసియేషన్ వాళ్లతోని నేను మాట్లాడ్త" అని కూడా అంది. తీసుకొస్తానన్నాడు.

గోధుమగూడ దాటింది. పక్కాయన ఉండబట్టలేక, "సంచిల ఏముందయ్యా, గంత గట్టిగ పట్టుకున్నవు?" అని అడిగాడు. పేరు చంద్రప్ప అట, సేడం వైపు పోతున్నాడట, మాటలో కన్నడం తగులుతోంది. బెల్టు అన్నాడు మహిధర్. ఈ జిల్లాలో బెల్టు అనగానే జనానికి గుర్తొచ్చేది సారా అమ్మే చాటు దుకాణం, చంద్రప్ప కళ్లలో కూడా ఒక స్నేహం మెరిసింది, కుక్క బెల్టని తెలిశాక ఆరిపోయింది. "ఏం కుక్క?" లాబ్రడార్. "కరుస్తదా?" కరవదు. "మరెందుకు సాదుడు?" అన్నాడు చంద్రప్ప, ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. ఐదేళ్లలో ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ చెప్పులు విప్పకముందే కరుస్తదా అని అడిగాడు, కరవదని తెలిశాక ఎంతకు కొన్నారని అడిగాడు. ఎందుకు సాదుతున్నావని అడిగినవాడు ఇతనొక్కడే. ఎందుకు. లాక్‌డౌన్‌లో అందరూ కొంటున్నారని. భార్య రచన వాళ్ల అక్క కొన్నదని. ఇంటి ముందు కుక్క ఉన్నది జాగ్రత్త అనే బోర్డు పెట్టుకోవచ్చని, బోర్డు ముందే కొన్నారు, కుక్క తర్వాత వచ్చింది.

వచ్చిన రోజు చెప్పులో పట్టేంత ఉంది. దాన్ని చూసి ఇంట్లో అందరూ ఇంగ్లీషు మొదలుపెట్టారు. అంతకు ముందు ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ ఇంగ్లీషు మాట్లాడి ఎరగరు, రచన అయితే బ్యాంకులో ఫారం కూడా తెలుగుదే అడిగి తీసుకునేది, అలాంటిది కమ్ బ్రూనో, సిట్ బ్రూనో, నో నో బ్యాడ్ బాయ్, డోంట్ డూ లైక్ దట్, అని తెల్లారి లేస్తే అనర్గళంగా. కుక్క తప్పు పట్టదు కదా, ఇంగ్లీషు నేర్చుకోవడానికి అంతకు మించిన మనిషి దొరకడు. అదే గేటు బయట వీధికుక్క నిలబడితే ఛీ, పో అని తెలుగే. జాతి కుక్కకు ఇంగ్లీషు, ఊరకుక్కకు తెలుగు అని ఎవరు నిర్ణయించారో తెలియదు, ఊరంతా అలాగే నడుస్తుంది. మహిధర్ తల్లి ఈశ్వరమ్మ ఒక్కతే దారికి రాలేదు. మొదటి రోజు "ఇంట్ల కుక్కేందిరా, పటం ముందల కుక్కేందిరా" అని నడిమింట్లో కూలబడింది. మూడో రోజుకు దానికి వెన్న తినిపిస్తూ దొరికింది. బ్రూనో అనడానికి ఆమెకు నోరు తిరగలేదు, బూరె అంది. "బూరే, ఇటు రావే" అంటే ఇంగ్లీషు కుక్క తోకూపుకుంటూ వెళ్లేది, మగకుక్కను పట్టుకుని రావే ఏమిటమ్మా అంటే "దానికి లేని బాధ నీకేందిరా" అనేది.

ఈశ్వరమ్మ పోయిన మూడో రోజున పిట్టకు పెట్టారు. ఆమెకు ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి దూరంగా జరిగి నిలబడ్డారు, కాకి వచ్చి ముట్టాలి, ముడితే పోయినవాళ్లకు తృప్తి అయినట్టు. కాకి రాలేదు. చెట్టు మీద నాలుగున్నాయి, ఒక్కటీ దిగదు. తమ్ముడు ప్రవీణ్ చేతులు జోడించి, బిడ్డల్ని మంచిగ చూసుకుంటమమ్మా అన్నాడు, రాలేదు. చెల్లెకు గొలుసు చేపిస్తమమ్మా అని ఎవరో గుర్తు చేశారు, అప్పటికీ రాలేదు. ఎండ నెత్తికొచ్చింది. అంతలో కారులో కట్టేసిన బ్రూనో ఎలా తెంపుకుందో తెంపుకుని, జనం కాళ్ల సందులోంచి దూరి, ఆకులో మటన్ కూరా, గారెలూ, తాటికల్లూ అన్నీ తుడిచి పెట్టింది. పిట్ట ముట్టినట్టా కాదా అని పెద్దమనుషులు మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. తేలలేదు. అప్పుడు మహిధర్ దాన్ని బెల్టుతో రెండు దెబ్బలు కొట్టాడు, ఆ బెల్టుతోనే, అది కొట్టించుకుని అతని చెయ్యి నాకింది. ఈ సంగతి ఇప్పుడెందుకు, ధారూరు వస్తోంది కాబోలు, ఈ సంగతి ఎందుకు.

తమ నాన్నకు ఈ బాధలు ఉండేవి కావు. నవాబుపేటలో వాళ్ల ఇంటి ముందు ఎప్పుడూ ఒక కుక్క ఉండేది, దానికి పేరుండేది కాదు, బెల్టుండేది కాదు, మిగిలింది పెడితే తినేది, పెట్టకపోతే ఇంకో ఇంటికి పోయేది. అది పిల్లల్ని పెడితే నాన్న వాటిని గోనెసంచిలో వేసి సైకిల్ మీద రైలు పట్టాల అవతల వదిలి వచ్చేవాడు. సంచి కదులుతూ ఉండేది. వచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తినేవాడు. చిన్నప్పుడు మహిధర్ ఒకసారి వెక్కివెక్కి ఏడ్చి, పెద్దయ్యాక అలాంటి పని చెయ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టు తప్పలేదు. గోనెసంచిలో వెయ్యలేదు. ఏసీ కారులో వెనక సీటులో కూర్చోబెట్టి తీసుకెళ్లాడు.

సొంతిల్లు అద్దెకిచ్చి మూడో అంతస్తు ఫ్లాటుకు మారారు, అదీ మొదలు. అసోసియేషన్ సెక్రటరీ పాండురంగం గారు కుక్క లిఫ్టు ఎక్కకూడదన్నారు. ఆయన పరమ దయాళువు, పొద్దున్నే చీమలకు చక్కెర వేస్తారు, మేడ మీద పావురాలకు జొన్నలు చల్లుతారు, ఆ పావురాలు అందరి కార్ల మీదా ఆయన పుణ్యాన్ని తెల్లగా చల్లుతాయి. పావురాలు లిఫ్టు ఎక్కవు కాబట్టి నిబంధనలకు విరుద్ధం కాదు. బ్రూనోకి అప్పటికి వెనక కాళ్లు పట్టేస్తున్నాయి, మూడంతస్తులు మెట్లెక్కలేక రెండో అంతస్తులో కూర్చుండిపోయేది, అక్కడి వాళ్లు తలుపు తీసి మూసేవాళ్లు. రచన పప్పులో వెంట్రుక చూపించింది. కొత్త సోఫా వచ్చింది. ఒక్కొక్క కారణమూ చిన్నదే, మహిధర్ వాటిని కామర్స్ లెక్చరర్ లాగా ఒకదాని కింద ఒకటి పేర్చాడు, అడుగున తేలిన మాట ఫామ్‌హౌస్. యాలాల్ దాటి లోపలికి పోతే నాలుగెకరాల కందిచేను, ఒక బోరు, ఒక రేకుల షెడ్డు ఉన్నాయి, గేటు పెట్టించిన నాటి నుంచీ అది ఫామ్‌హౌస్. అక్కడైతే ఫ్రీగా తిరుగుతుంది, అన్నాడు. ప్రకృతిలో ఉంటుంది, అంది రచన. ఎంత మంచి మాటలో. ప్రణవి రెండు రోజులు అన్నం మానేసి, చివరికి ప్రకృతి అనే మాటకు లొంగిపోయింది.

దారంతా అది కిటికీలోంచి తల బయటికి పెట్టి చెవులు ఎగరేసుకుంటూ కూర్చుంది. షికారు అనుకుంది. చేను దగ్గర దిగాక మహిధర్ దాని మెడ నుంచి బెల్టు విప్పాడు. ఎల్లప్ప చూస్తూ, "ఉండనీయరాదు సారూ బెల్టు?" అన్నాడు. "ఇక్కడ బెల్టెందుకు ఎల్లప్పా, స్వేచ్ఛగ తిరగనీ" అన్నాడు మహిధర్. నిజానికి ఆ బెల్టు కొని నాలుగు నెలలు కాలేదు, అసలు తోలు, పొలంలో బురదా ముళ్లూ, ఎందుకు పాడు చెయ్యడం అని చెయ్యి దానంతట అది బక్కిల్ మీదికి పోయింది, స్వేచ్ఛ అనే మాట తర్వాత వచ్చింది. ఎక్కడికెళ్లినా హోటల్ గదిలో మిగిలిన సబ్బు తెచ్చుకునే చెయ్యి అది. కారెక్కుతుంటే బ్రూనో వెంట రాబోయింది. స్టే, అన్నాడు. అది వెంటనే కూర్చుంది. అంత బాగా వినే కుక్క, స్టే అంటే కదలదు, మళ్లీ ఓకే అనే దాకా కదలదు, చుట్టాల ముందు ఎన్ని సార్లు చేయించి చూపించారో. ముక్కు ముందు బిస్కెట్టు పెట్టి స్టే అనేవాళ్లు, జొల్లు కారేది కానీ ముట్టేది కాదు, ఓకే అనగానే గబుక్కున తినేది, చుట్టాలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ రోజు మహిధర్ స్టే అని కారెక్కాడు. ధారూరు దాటాక గుర్తొచ్చింది, ఓకే అనలేదని. కారులో ఒక్కడే ఉండి ఓకే అన్నాడు. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

మర్నాడు ఎల్లప్ప ఫోన్ చేసి, "సారూ, గేటు కాడికెళ్లి లేస్తలేదు. వానల తడిసింది గని లేస్తలేదు. దీనికి చెవుడున్నట్టుంది, రా అంటే రాదు, పో అంటే పోదు" అన్నాడు. "చెవుడు కాదు ఎల్లప్పా, ఇంగ్లీషుల చెప్పాలె." "నాకు ఇంగ్లీషొస్తే నీ చేన్ల ఎందుకుంట సారూ" అన్నాడు ఎల్లప్ప, వెటకారం ఏమీ లేకుండానే. ఫోన్ దాని చెవి దగ్గర పెట్టు నేను చెప్తాను అనొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కానీ పక్కన స్టాఫ్‌రూములో అందరూ ఉన్నారు, అంతమంది ముందు కుక్కతో ఫోన్ మాట్లాడితే ఏమనుకుంటారు. ఎల్లప్ప భార్య రాహేలమ్మ జొన్నరొట్టె పట్టుకుని పక్కన కూర్చుంటే మధ్యాహ్నానికి లేచిందట. తర్వాత దానికి తెలుగు వచ్చేసిందని ఎల్లప్పే చెప్పాడు. ఈశ్వరమ్మ నోట విన్న పేరు పట్టుకుని వాళ్లు కూడా బూరె అనే పిలిచేవాళ్లు, పాలకు పోయినా, ప్రార్థనకు పోయినా రాహేలమ్మ వెనకే నడిచేదట. మహిధర్ మళ్లీ మూడుసార్లు వెళ్లాడు ఆ చేనుకు, మందు కొట్టించడానికొకసారి, కోతకొకసారి, కంది అమ్మకానికొకసారి. మొదటిసారి అది ఎగిరి మీద పడింది. రెండోసారి వచ్చి వాసన చూసి వెళ్లింది. మూడోసారి రాహేలమ్మ పక్కన పడుకుని, తల ఎత్తి చూసి, మళ్లీ దించుకుంది. ఆ మూడోసారి అతనికి ప్రాణం తేలికపడింది. మరిచిపోయింది, బతికిపోయాను, అనుకున్నాడు.

సంచిలోకి చెయ్యి పెట్టి బెల్టు బయటికి తీశాడు. పొద్దున హడావిడిలో చీకూ మెడ నుంచి ఊడబెరికి సంచిలో పడేశాడు గానీ సరిగ్గా చూడలేదు. చీకూ అంటే కొత్త కుక్క. బ్రూనో వెళ్లిన రెండు నెలలకు ఇల్లు బోసిగా ఉందని రచన తెప్పించింది, జుట్టు కళ్ల మీద పడే బొమ్మకుక్క, చేతి సంచిలో పట్టేస్తుంది కాబట్టి లిఫ్టు నిబంధన వర్తించదని పాండురంగం గారే తీర్పు చెప్పారు. మంచి బెల్టు వృథాగా పడి ఉందని దానికే కట్టారు. చీకూ మెడలో బ్రూనో అని రాసిన బిళ్ల, ఆర్నెల్లుగా ఎవరూ చదవలేదు, చదివినా ఫోన్ నంబరు మాత్రం తమదే కదా అంది రచన. మహిధర్ ఇప్పుడు బెల్టును మోకాలి మీద పరిచి చూశాడు. సగమే ఉంది. చెప్పులు కుట్టేవాడి దగ్గర చీకూకి సరిపోయేటట్టు కోయించిందన్నమాట, కోసిన అంచు నున్నగా ఉంది, కొత్తగా మూడు బెజ్జాలు. బ్రూనో మెడ చుట్టూ ఇది రాదు. సగం మెడకు వస్తుంది. తాడు ముక్క కలిపి కట్టొచ్చు. ఎల్లప్ప దగ్గర సుతిలి ఉంటుంది, ఉండాలి, కంది బస్తాలు కుట్టిన సుతిలి ఎక్కడో ఉంటుంది, బిళ్ల పైకి కనిపిస్తే చాలు, సూదులు పొడిచేవాడు చుట్టుకొలత చూస్తాడా. "చిన్న కుక్కనా?" అన్నాడు చంద్రప్ప బెల్టు చూసి. పెద్దదే, అన్నాడు మహిధర్. చంద్రప్ప బెల్టును చూశాడు, అతన్ని చూశాడు.

రుక్మాపూర్‌లో రైలు ఊరికే ఆగింది. సిగ్నల్. ఊరికే ఆగినప్పుడే ఆలోచనలు గట్టిగా వినిపిస్తాయి. తీసుకొస్తానన్నాడు ప్రణవితో. దేనిలో? కారు కింద ఉంది, నిన్ననే కడిగించింది, సీట్లకు కొత్త తొడుగులు. రోడ్డు మీద సున్నపురాయి లారీలు అడ్డం, రైలైతే తొందరగా పోవచ్చు అని తాళం చెవి మళ్లీ మేకుకు తగిలించాడు. ముప్పై కిలోల కుక్కను రైల్లో ఎవరు ఎక్కించుకుంటారు. కుక్కను ఇంటికి తేవాలనుకున్నవాడు రైలెక్కడు. అంటే తాళం చెవి మేకుకు తగిలించినప్పుడే, ఆ చేతికి తెలుసు, మళ్లీ ఆ చెయ్యే. బెల్టు కట్టి వచ్చేద్దామని, అంతే, బెల్టు కట్టేసి ఒక ఫొటో తీసి ప్రణవికి పంపేసి, మధ్యాహ్నం రైలుకు వెనక్కి. ఎంత నీచంగా ఉందో అనుకున్నాడు. అనుకున్నాక కొంచెం హాయిగా అనిపించింది, తన నీచత్వం తనకు తెలిసినందుకు. అది కూడా నీచమే అని తోచేలోపు రైలు కదిలింది. పండుకున్నది అన్నాడు కదా. చనిపోతే చనిపోయింది అనడా మనిషి. పోయిన ఏడు గేదె చనిపోతే ఏమన్నాడు. గేదె చనిపోతే, సారూ బర్రె కాలం జేసింది అన్నాడు. కాలం జేసింది అనలేదు కదా ఇప్పుడు. పండుకున్నదన్నాడు. ఈశ్వరమ్మ పోయినప్పుడు ఎవరో అడిగితే, అంబులెన్సు రాకముందు, నాయనమ్మ పండుకున్నది అని ప్రవీణ్ పిల్లలకు చెప్పిందెవరు. రచన. చిన్నపిల్లలకు అలాగే చెప్తారు. తనేమన్నా చిన్నపిల్లాడా.

తాండూరు. ప్లాట్‌ఫారం మీదా, కొట్ల రేకుల మీదా, ఆటో టాపు మీదా తెల్లటి రాతిపొడి. ఆటోవాడు యాలాల్ దాకా మాట్లాడుతూనే ఉన్నాడు, ఒక్క ముక్కా చెవిలో పడలేదు. యాలాల్ దాటి ఊరి మొదట్లో అలికిడి లేదు, ఆ లేకపోవడమేమిటో కాసేపటికి అర్థమైంది, ఆటో వెంట ఒక్క కుక్కా పరుగెత్తి రాలేదు. చేను దగ్గర దిగితే ఎల్లప్ప గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు. షెడ్డు నీడలో బ్రూనో ఒక పక్కకు వాలి పడుకుని ఉంది, ఎప్పుడూ పడుకునేటట్టే, ముందు కాలు మడిచి. మీద రాహేలమ్మ పాత చీర కప్పి ఉంది, ముక్కు దగ్గర చీర ఎగరకుండా రాయి పెట్టారు. ఒక చీమల బారు రాయి కిందికి పోతోంది.

"ఫోన్ జేసెటాలకే అయిపోయింది సారూ" అన్నాడు ఎల్లప్ప. "పాలకు వొయ్యిన రాహేలమ్మెనుక వొయ్యింది. ఎవలొచ్చినా ఎదురువోతది గద అది. ఫోన్ల ఎట్ల చెప్పాలె మీకు, తొవ్వల ఒక్కలే ఒస్తరాయె." రాహేలమ్మ షెడ్డు లోపలే ఉంది, బయటికి రాలేదు. పొయ్యి వెలిగించినట్టు లేదు. మహిధర్ చీర తీశాడు. కన్ను ఒకటి సగం తెరిచి ఉంది. ఓకే, అనాలనిపించింది, అనలేదు, ఎల్లప్ప ఉన్నాడు.

ఫోన్ మోగింది. ప్రణవి. ఎత్తలేదు. మళ్లీ మోగింది. ఆగాక సందేశం వచ్చింది, డాడీ ప్లీజ్ ఒక్క ఫొటో పంపు. మహిధర్ గొంతుక్కూర్చున్నాడు. చెప్పేయొచ్చు. ఒక్క వాక్యం, బెల్టు నేనే తీసేసిన బిడ్డా. ఆ వాక్యం తలలో చక్కగా ఉంది, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది. చెప్తే ఆ పిల్ల ఏమీ అనదు. ఫోన్ పెట్టేస్తుంది. పండక్కి రాదు, వచ్చినా రచనతో మాట్లాడి, డాడీ అన్నం తిన్నావా అని మాత్రం అడుగుతుంది, బతికున్నన్నాళ్లూ అంత మర్యాదగా అడుగుతుంది. సంచి తెరిచాడు. ఎల్లప్పా, జర తల లేపు, అన్నాడు. ఎల్లప్ప ప్రశ్నించకుండా రెండు చేతులతో ఆ బరువైన తల లేపాడు. బెల్టు మెడ కిందికి పోలేదు, సగమే కదా, పైనుంచి పరిచి రెండు చివర్లూ బొచ్చు కిందికి దోపాడు. బిళ్ల తలకిందులుగా ఉంది, తిప్పాడు. జేబురుమాలుతో తుడిచాడు. మొదటి ఫొటోలో కోసిన అంచు కనిపించింది. చెరిపేసి, ఇటు పక్కకు వచ్చి ఇంకోటి తీశాడు. ఇది బాగుంది. బ్రూనో అని స్పష్టంగా కనిపిస్తోంది. పంపాడు. రెండు గీతలు, అవి నీలంగా మారాయి.

వెంటనే ఫోన్. ఈసారి ఎత్తాడు. చాలాసేపు ఏడుపే. తర్వాత ప్రణవి, ఫార్మసీ చదివే పిల్ల కాదు, వెన్న చేతిలో పట్టుకుని కుక్కపిల్ల వెంట పరిగెత్తిన పిల్ల, "బెల్టున్నా చంపిండ్రా డాడీ?" అంది. మహిధర్ ఊఁ అన్నాడు. "నువ్వు ఏడుస్తున్నవా డాడీ? ఏడ్వకు. నీ తప్పేముంది. ఇగో, ఈ ఫొటో నేను పెడుతున్న, అందరికి పంపుతున్న. కేసు పెడదాం. సూది పొడిచినోళ్లను, పట్టుకున్నోళ్లను ఎవ్వల్ని ఇడ్వొద్దు. ఎల్లప్ప తాత చూసిండు కదా, చెప్తడు కదా?" చెప్తడు, అన్నాడు మహిధర్. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పట్టుకున్నవాళ్లంటే మొగులప్పే అయి ఉంటాడు, నవ్వితే మూతి పక్కకు పోయే పిల్ల తాత. గాలి తగిలి బెల్టు చివర ఒకటి బొచ్చులోంచి పైకి లేచింది.

"ఎల్లప్పా" అన్నాడు, చేను అవతలికి చూస్తూ. "రేపు ఎవలన్న అడిగితే, బెల్టు ఉండె అని చెప్పు. జర."

ఎల్లప్ప పార అందుకున్నాడు. "పొద్దుగాల ఒక్కపారి అడిగిండ్రు సారూ" అన్నాడు. "మొగులప్పనే దాన్ని పట్టుకోని నన్ను పిలిచి అడిగిండు. మీదేనాయె, బెల్టేదీ, బెల్టుంటే ఇడిచిపెడుత అన్నడు. లేదన్న." షెడ్డు వెనక మెత్తటి మన్ను కోసం కాలితో నేల తట్టి చూసుకుంటూ రెండడుగులు వేశాడు. "ఇగ నన్నెవలడుగుతరు."